ప్రేమికుల దినము: మేనమామకును మేనకోడలికిని సంవాదము

ఫిబ్రవరి మాసపు రెండవ ఆదివారమున ఆరాధన ముగిసి, జనులు తమ తమ యిండ్లకు చేరిన పిమ్మట, కల్వకుర్తిలో సంఘపెద్దగా నున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుని యింటి వసారాలో, ఆయనకును, నల్లగొండ న్యాయస్థానమున వకీలుగా నుండి ఆనాడు చుట్టపుచూపుగా వచ్చిన ఆయన మేనకోడలికిని జరిగిన వాదమిది. పద్నాలుగవ తేదీ సాయంకాలము మందిరమును ఆనుకొనియున్న హాలును తమకిప్పింపవలెనని సంఘములోని యువజనులు వ్రాసికొన్న అర్జీ ఆయన చేతిలో నుండెను. దాని యడుగున ఆయన ‘వీలుపడదు’ అని వ్రాసియుండిరి గాని, సంతకము మాత్రము ఇంకను పెట్టలేదు.

మేనకోడలు: వందనాలు మామయ్యా. సంతకము పెట్టకమునుపే నా మాట యొకటి వినుడు. పిల్లలు అడిగినది హాలు. మీరు కాదన్నది పండుగ. రెండును ఒకటియేనా?

మేనమామ: దేనినైనను రెండుగా చీల్చుట నీ వృత్తిధర్మము, అమ్మాయీ. పద్నాలుగవ తేదీననే కావలెనని వారు పట్టుపట్టుటలో ఆ రెండును ఒకటియైనవి. నేను ప్రేమకు విరోధిని కాను. కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలోని పదమూడవ అధ్యాయమును ఎన్ని పెండ్లిపందిళ్ళలో చదివితినో నాకే లెక్కలేదు. ఆ అధ్యాయమున ప్రేమకు చెప్పిన లక్షణములన్నియు ఓర్పునకును త్యాగమునకును చెందినవే గాని, అందొక్కటియైనను అంగడిలో దొరకునది కాదు. నిన్న బస్టాండు చెంత చూచితిని: హోసూరు పొలములలో పూచి, హైదరాబాదున గుడిమల్కాపూరు మార్కెట్టులో బేరమై, శ్రీశైలము రోడ్డున ఇంతదూరము వచ్చిన గులాబీలు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్లాస్టికు తొడుగు, కాడకు మెఱయు రిబ్బను; అంచులు నల్లబడిన రేకులను అమ్మువాడు గోటితో గిల్లివేసి, మిగిలిన మొగ్గను మొన్నటి ధరకు రెండింతలకు అమ్ముచున్నాడు. అమెరికాలో ఎస్తేరు హౌలండు అను నామె 1840వ దశకము చివర లేసు కాగితములతో కార్డులు చేయించి అమ్మిననాటి నుండియు ఈ దినము వర్తకుల పంచాంగములోనిదే. మన దేశమునకు 1991 తరువాత బజారు తలుపులు తెరచినప్పుడు ఆ తలుపుగుండనే వచ్చినది. ప్రేమకు కొనుగోలే రుజువైనచో, కొనలేనివాని ప్రేమకు సాక్ష్యమేది?

మేనకోడలు: బజారు మాట మీరెత్తినారు గనుక బజారులోనే నిలిచి మాటలాడుదము. గులాబీ ధర రెండింతలైనదని నొచ్చుకొన్న మనమే, వరునికి సర్కారు ఉద్యోగము వచ్చిన మరునాడు వాని ధర ఎన్నింతలైనను, దానికి ‘మర్యాద’ యని పేరుపెట్టి పుచ్చుకొనుచున్నాము. కట్నమును నిషేధించిన శాసనము 1961 నాటిది. అయినను మందిరములో ఉంగరములు మార్చుకొనుటకు ముందు, ప్రధానమునాడే, లోపలి గదిలో రొక్కము, బంగారము, మోటారుసైకిలు తేలకుండ ఎన్ని పెండ్లిండ్లు జరుగుచున్నవి? పెండ్లిపీటపై కూర్చుండువారి నోట ప్రేమ యను మాట వచ్చుట సిగ్గుమాలినతనమనియు, వారి తలిదండ్రుల నోట లక్షలను మాట వచ్చుట లోకమర్యాదయనియు ఎంచు ఈ సంఘమునకు, పువ్వులమ్ముకొనువానిని వర్తకుడని తూలనాడు అధికారము ఎచ్చటిది?

మేనమామ: కట్నము పాపమేనని ప్రసంగపీఠమునుండి చెప్పినవాడను, చెప్పి పలువురికి కానివాడనైతిని. కాని ఇంటిలోని బురదను చూపి వీథిలోని బురదను లోపలికి తెచ్చుకొమ్మనుట తర్కము కాదు. ఇక నా రెండవ కారణము వినుము. ఆ దినమునకు పేరైన వాలెంటైను మూడవ శతాబ్దపు హతసాక్షి. రోమునగరమునకు వెలుపల ఫ్లమీనియను మార్గము చెంత ఆయన సమాధి యుండెను. రోములోని గురువొకడు, తెర్నిపట్టణపు బిషపొకడు ఆ పేరున కానవత్తురు. వారిరువురో, ఒక్కరో చరిత్రకారులకే తేలలేదు. క్లాడియసు చక్రవర్తి సైనికులకు పెండ్లి కూడదని శాసించెననియు, ఈయన చాటుగా పెండ్లిండ్లు జరిపెననియు చెప్పు కథ చాల తరువాత పుట్టినది. ఆ తేదీకి ప్రేమికులతో చుట్టరికము, పదునాలుగవ శతాబ్దమున ఇంగ్లీషు కవి చాసరు దానిని పక్షులు జంటలనేరుకొను దినముగా వర్ణించిననాటి నుండి కానవచ్చుచున్నది. కథోలిక సంఘమే 1969లో ఆయన స్మరణను తన సార్వత్రిక పంచాంగమునుండి తీసివేసినది. ఆ తేదీ యిప్పుడు స్లావుజాతులకు సువార్త నందించిన సిరిలు, మెథోడియసు అను అన్నదమ్ములది. పునీతుల పండుగలే లేని మనము, వారు విడిచినదానిని ఏరుకొనుట ఏమి చోద్యము? 2018లోను 2024లోను భస్మబుధవారము సరిగా ఆ తేదీననే వచ్చినది. ఉపవాసదినములకు తలుపు తెరచు నాడు మిఠాయి పెట్టెలు విప్పుదుమా?

మేనకోడలు: మీరు చెప్పిన చరిత్రలో ఒక్క అక్షరమును నేను కాదనను. ఆ దినమును కాదనుటకు బజరంగదళమువారు చెప్పు కారణమును మీరు చెప్పనందుకు సంతోషించితిని కూడ.

మేనమామ: పరదేశపుదనియా? ఆ మాట నా నోట వచ్చెనేని నా చేతిలోని బైబిలే నన్ను చూచి నవ్వును. జాజిరి పాటలు పాడి, కాముని పున్నమనాడు కాముని దహించుట ఈ నేలకు అనాదిగా తెలిసిన వేడుక; వారి పండుగ వారిది. నా తగవు ఎక్కడినుండి వచ్చినదన్నదానితో కాదు, ఎక్కడికి తీసికొనిపోవుననుదానితో.

మేనకోడలు: అట్లయిన హతసాక్షి పేరే కావలసియున్నచో మన యింటివాడే ఉన్నాడు గదా, మామయ్యా. రష్యాదేశపు మెన్నోనైటు అబ్రహాము ఫ్రీసెను 1890 ప్రాంతమున నల్లగొండలో నిలిచి పని ప్రారంభించుటయు, 1899లో అమెరికానుండి హీబర్టు హైదరాబాదునకు వచ్చుటయు, పిమ్మట నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి మొదలగు చోట్ల మిషను కేంద్రములు వెలయుటయు మీరే నాకు చిన్ననాడు చెప్పినారు. ఆ మెన్నోనైటు బ్రెదరెను (ఎం.బి.) వారి పూర్వులలో డిర్క్ విలెమ్స్ అనువాడు హాలండులోని అస్పెరెనులో చెఱనుండి తప్పించుకొని, గడ్డకట్టిన నీటిమీదుగా పారిపోవుచు, తన్ను తరుముచున్న భటుడు మంచు విరిగి మునిగిపోవుట చూచి, వెనుకకు మరలి వానిని గట్టునకు లాగెను. అందుచేతనే పట్టుబడి 1569లో సజీవముగా దహింపబడెను. ప్రేమకొక దినము కావలెనన్న ఆయన కథ చెప్పుకొనుటకు హాలు ఇండు. ఇంతకును ఆయన చేసిన నేరమేమి? పసినాట తలిదండ్రులు ఇప్పించిన బాప్తిస్మము చాలదని, యుక్తవయస్సున తానై కోరి బాప్తిస్మము పొందుట. తన యింట ఇతరులకు ఇప్పించుట. పుట్టుకచేత ఎవడును విశ్వాసి కాడు, ఎవనికివాడు తెలిసి ఎన్నుకొనవలెనని చెప్పి అగ్నిలో ప్రవేశించినవారి సంఘమిది. రక్షకుని ఎన్నుకొనుటకు పదునెనిమిదేండ్ల పిల్లకు వివేకము చాలునని నీళ్ళలో ముంచి లేపుదురు. అదే పిల్లకు ఇరువదిరెండేండ్లు వచ్చినను తోడును ఎన్నుకొను వివేకము చాలదందురు. ఇదెట్టి వేదాంతము?

మేనమామ: (కొంతసేపు ఊరకుండి) బాగుగ కొట్టితివి. కాని బాప్తిస్మము ఎట్లు జరుగునో నీ వాదములో సగమే చెప్పితివి. కోరినవాడు కోరినట్లు రాత్రివేళ చెరువుకు పోయి మునిగిరాడు. పాస్టరు అయ్యగారివద్ద నేర్చుకొని, పెద్దలు అడిగిన ప్రశ్నలకు ఉత్తరము చెప్పి, సంఘమెదుట నిలిచి సాక్ష్యమిచ్చి, సంఘము సరే యన్న పిమ్మట నీళ్ళలోనికి దిగును. ఎన్నిక వానిదే, కాని చాటున కాదు. యాకోబు రాహేలును తానే కోరెను; కోరి, ఆమె తండ్రియైన లాబాను ఇంటనే ఏడేండ్లు కొలువు చేసెను, ఆ యేండ్లు ఆతనికి దినములవలె గడచెను. మన పిల్లలు జనవరిలో చూపులు కలిపి, ఫిబ్రవరిలో పువ్విచ్చి, మార్చిలో హైదరాబాదు బస్సెక్కుచున్నారు. జూను నాటికి వాడు తన యింటికి పోవును. ఆమెకు పోవుటకు ఇల్లుండదు. ఆ తరువాత వచ్చి ఏడ్చునది నా వసారాలోనే.

మేనకోడలు: యాకోబు ఏడేండ్లు ఆగెను, నిజమే. ఏడేండ్ల చివర పెద్దకూతురిని ముసుగులో తెచ్చి మోసగించినది ఆ పిల్లల తండ్రియే గదా! ఆగినవాని పట్ల పెద్దలు న్యాయముగా నడచుకొందురను పూచీ ఆదికాండములో కూడ లేదు.

మేనమామ: లాబాను దోషము లాబానుదే. అయినను నా మూడవ కారణము మిగిలియున్నది. నాకు అన్నిటికంటె బరువైనది అదియే. బడిలో పాఠము చెప్పినవాడను గనుక మగపిల్లల మాటలు నా చెవిని పడకపోలేదు. ‘వెంటపడితే ఎప్పుడో ఒప్పుకుంటది సార్’ అనునది సినిమా వారికి నేర్పిన ధర్మసూత్రము. ఆ దినమున పువ్వు పుచ్చుకొనని పిల్ల తన్ను పదుగురిలో అవమానించినదని వాడు పండ్లు కొఱుకును. 2008 డిసెంబరులో వరంగల్లున ఇంజనీరింగు చదువుచుండిన ఆడపిల్లల మీద ఆసిడ్ పోయించినది ఇట్టి ‘ప్రేమ’యే. కాదను మాటను సహింపలేని కోరికకు ప్రేమ యని పేరుపెట్టి, దానికొక తేదీ కేటాయించి, ఆ తేదీన మందిరపు తాళములు తీయుమందువా?

మేనకోడలు: అందుకొఱకే తీయుడనుచున్నాను. ‘కాదు’ అను మాటను తలవంచి వినుట మగపిల్లలకు ఎచ్చట నేర్పుచున్నారు? సినిమా నేర్పదు, కళాశాల పాఠములో లేదు, ఇంట తండ్రి ఆ ప్రస్తావనే తేడు. పరమగీతము లేఖనములలో చేరియున్నను, మన ప్రసంగములలో దానిని క్రీస్తునకును సంఘమునకును గల సంబంధమని చెప్పి ముగింతురే గాని, అందు ఒకరినొకరు పిలుచుకొను స్త్రీపురుషుల మాట యెత్తువారు లేరు. నేనడుగునది గులాబీల సభ కాదు; ఆ సాయంకాలము మొదటి గంట అబ్బాయిలకు ఈ ఒక్క పాఠమే చెప్పుడు. చెప్పదగినవారు మీకంటె ఎవరున్నారు?

మేనమామ: ఆ గంట నేను చెప్పుదును. రెండవ గంట ఏమి పెట్టుదువు?

మేనకోడలు: మనమిరువురమును ఇంతసేపును తప్పించుకొని తిరుగుచున్న మాట. మన యూరినుండి తూర్పునకు పోవు రోడ్డున మల్లేపల్లి, హాలియ దాటిన మిర్యాలగూడ వచ్చును. అచ్చట 2018 సెప్టెంబరు 14న, ఆసుపత్రినుండి గర్భవతియైన భార్యతో వెలుపలికి వచ్చుచున్న యువకుని వెనుకనుండి నరికి చంపిరి. అతడు దళిత క్రైస్తవ కుటుంబమువాడు. ఆమె వైశ్యకుటుంబపు బిడ్డ. హంతకులను కూలికి పెట్టించెనని అభియోగము మోసినది ఆమె కన్నతండ్రి. ఆయన తీర్పునకు ముందే మరణించెను. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవము విధించినది. ఆ యిరువురును మీరు భయపడు చపలచిత్తులు కారు, మామయ్యా; బడినాటినుండి ఎరిగినవారు, పెండ్లియాడినవారు, కాపురము చేయుచున్నవారు. వారి ప్రేమలో ఓర్పు లేదని ఎవరనగలరు? ఓర్వలేకపోయినది కులము.

మేనమామ: ఆ వార్త విన్ననాడు నేనును నిద్రపోలేదు. కాని చంపినవారు మన సంఘమువారు కారు గదా.

మేనకోడలు: కారు. మన సంఘములు కత్తి పట్టవు. ఏ ఒక్క సంఘమునో అనుట కాదు. తెలుగునాట ఎచ్చటనైనను ఒకే బల్లయొద్ద రొట్టెను ద్రాక్షారసమును పుచ్చుకొన్న మాల యింటివారును మాదిగ యింటివారును, పెండ్లిమాట వచ్చుసరికి వేర్వేరు వీథులలో సంబంధములు వెదకుకొనుట మీకు తెలియనిదా? 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టపు రిజిస్టరును మీరే భద్రపరచుచున్నారు. అందు పేరు, వయస్సు, పెండ్లికానివారో వితంతువులో, వృత్తి, నివాసము, తండ్రిపేరు వ్రాయుటకు గడులున్నవి. కులమునకు గడి లేదు. ఆ గ్రంథము తెరవకమునుపే ఆ లేని గడిని మనము నింపి తెచ్చుచున్నాము.

మేనమామ: గడి లేదందువు గాని, సర్కారువారి కాగితములో ఉన్నదే! 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా లేదు, ఇచ్చట బి.సి.-సి యందురు. ఆ హోదా పోవునను భయముచేత పెండ్లిని మందిరపు రిజిస్టరులో వ్రాయింపనివారే ఉన్నారు. కులము మా మనస్సులలో మాత్రమే కలదనుకొనకుము. మరియు, విశ్వాసులు అవిశ్వాసులతో ఒక కాడి మోయరాదని పౌలు హెచ్చరిక కలదు. దానిని నేను కొట్టివేయజాలను.

మేనకోడలు: పౌలు చెప్పినది విశ్వాసపు కాడిని గూర్చి, వీథుల కాడిని గూర్చి కాదు. ఒకే బాప్తిస్మము, ఒకే బల్ల గల యిరువురి నడుమ ఆ వాక్యమును అడ్డుపెట్టుట పౌలునకు అపకారము. ఇక విశ్వాసములే వేరైనప్పుడు మీ మనస్సాక్షి మీది; అయినను మోయాబు స్త్రీయైన రూతు యేసుప్రభువు వంశావళిలో నిలిచినదని మరువకుడు. చట్టము సైతము ఇరువురిలో ఒక్కరు క్రైస్తవులైనను మందిరమున వివాహము జరిపింప అనుమతించినది.

మేనమామ: సరే, నా తీర్పు వినుము. నీవు బాప్తిస్మముతో పోల్చితివి గనుక ఆ పోలికనే ప్రమాణముగా తీసికొందును. ఎన్నిక పిల్లలది, సాక్ష్యము సంఘమెదుట. తలిదండ్రుల ఆజ్ఞయే వివాహమని నేననను. బస్సెక్కి పోవుటయే వివాహమని నీవు అనరాదు. హాలు ఇచ్చెదను. వాలెంటైను పేరుతో కాగితము అంటింపరాదు, తలిదండ్రులును వచ్చి కూర్చుండవలెను, కట్నపుమాట ఎవరును దాటవేయరాదు. ఏ యిరువురైనను నిశ్చయించుకొన్నచో ముందుగా సంఘమునకు తెలుపవలెను. ఆదివారములలో ప్రకటన చదువుదుము, అభ్యంతరము గలవారు అందరిలో చెప్పుకొందురు.

మేనకోడలు: మొదటి మూడును శిరసావహింతును. నాలుగవదానిలోనే ప్రాణాపాయమున్నది. మీరు ప్రకటన చదువునది కాబోవు సాక్షుల కొఱకు. దానిని వినువారిలో కాబోవు హంతకుడు ఉండవచ్చును. ప్రత్యేక వివాహ చట్టము క్రింద ముప్పదిదినముల నోటీసును గోడకు అంటించుటవలన కలుగు ప్రమాదమే ఇదియును. శక్తివాహిని వ్యాజ్యమున 2018 మార్చి 27న సుప్రీంకోర్టు, యుక్తవయస్కులిరువురు పెండ్లియాడుటకు కుటుంబముయొక్కగాని కులముయొక్కగాని సమ్మతి అక్కరలేదనియు, బెదిరింపు ఉన్నచోట పోలీసులు రక్షణ కల్పింపవలెననియు ఆదేశించినది. ఆ యారునెలలకే మిర్యాలగూడ జరిగినది. తీర్పు న్యాయస్థానములో ఉన్నది. ఆ రాత్రి తలుపు తట్టుటకు ఊరిలో ఒక ఇల్లు కావలెను.

మేనమామ: నా తలుపు తట్టుమందువు. తట్టినచో తీయుదును. కాని కన్నవారికి కబురు పెట్టకుండుట నా వలన కాదు. పెంచినవారిని శత్రువులుగా నెంచి పెండ్లి జరిపించు చేయి నాది కాదు.

మేనకోడలు: కబురు పెట్టుడు, ఎప్పుడన్నదే ప్రశ్న. నేనైనచో ముందుగా పోలీసులకు పెట్టుదును.

మేనమామ: అదియు నీతియే. జంటను ముందు క్షేమమైన చోటికి చేర్చి, పోలీసులకు వ్రాసియిచ్చి, ఆ పిమ్మట అయ్యగారును నేనును ఆ రెండిండ్లకును పోయి కూర్చుందుము. తిట్టిన పడుదుము, వెడలగొట్టిన మరల పోవుదుము. ముందు రక్షణ, పిదప రాజీ. అట్టివారికి ఆదివారపు ప్రకటన ఆ రాజీ కుదిరిన తరువాతనే.

మేనకోడలు: ఆ వరుసను సంఘపు తీర్మానముల పుస్తకములో వ్రాయించుడు, మామయ్యా. నోటిమాటగా నున్నచో పెద్ద మారిననాడే అదియు మారిపోవును.

మేనమామ: తీర్మానమునకు కమిటీలో ఎక్కువమంది చేతులెత్తవలెను, బిడ్డా. తొమ్మిదిమందిలో నలుగురు నా మాట వినువారు. అయిదవ చేయి లేనిదే అది కాగితమెక్కదు. మిగిలిన యైదుగురిలో ముగ్గురు పెండ్లియీడు కూతుళ్ళు గల తండ్రులు. పద్నాలుగున వారును వచ్చి ముందువరుసలో కూర్చుందురు. వారిలో ఒక్కనినైనను ఒప్పించు వాదము నీ వద్ద ఉన్నచో, ఆనాడు కోర్టుకు సెలవు పెట్టి రమ్ము.